ఆన్యో న్వేవోలో ఎలిఫెంట్ సీల్స్‌ని చూడాలంటే, ఫొటోలు తీయాలంటే: టికెట్ నుంచి కెమెరా సెట్టింగుల దాకా

థాంక్స్‌గివింగ్ సెలవులు అయిపోయాయంటే చాలు, బే ఏరియా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న. ఆ ఏనుగు సీల్స్ ఉండే బీచ్ ఎక్కడ, టికెట్ కావాలా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు అంత దూరం నడవగలరా, ఫోన్‌తో ఫొటోలు వస్తాయా అని. ఆ బీచ్ పేరు ఆన్యో న్వేవో, శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణంగా సముద్రం ఒడ్డున ఉన్న స్టేట్ పార్కు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు ఇచ్చే బదులు అన్నీ ఒకేచోట రాస్తున్నా, ఎవరైనా అడిగితే ఇది పంపించెయ్యండి.

నేను మొదటిసారి ఒక జనవరి ఆదివారం, టికెట్ కావాలన్న సంగతి తెలియక, పిల్లల్ని కారెక్కించుకుని గంటన్నర డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చాను. పిల్లలు దారంతా ఏడుపు. ఆ తర్వాత వేరే వేరే నెలల్లో చాలాసార్లు వెళ్లాను కాబట్టి ఏ నెలలో ఏం కనిపిస్తుందో, ఎక్కడ జనం పొరబడతారో బాగానే తెలిసింది.

ముందు ఒక్క విషయం. శాన్‌ఫ్రాన్సిస్కో పియర్ 39 దగ్గర చెక్క తెప్పల మీద అరుచుకుంటూ పడుకునేవి సీల్స్ కావు, సీ లయన్స్. వాటికి బయటికి కనిపించే చిన్న చెవులు ఉంటాయి, ముందు రెక్కల మీద లేచి నడుస్తాయి. సీల్స్‌కి చెవి స్థానంలో చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది, నేల మీద పొట్టతో పాక్కుంటూ వెళ్తాయి. ఇక ఆన్యో న్వేవోలో ఉండేవి నార్తర్న్ ఎలిఫెంట్ సీల్స్, మగదానికి నిజంగానే తొండంలాగా ముక్కు వేలాడుతుంది, పెద్ద మగ సీల్ 14 నుంచి 16 అడుగుల పొడవు, రెండు టన్నులకు పైగా బరువు కూడా ఉండొచ్చు. ఫొటోలో ఎంత చూసినా ఆ సైజు అర్థం కాదు, ఎదురుగా చూడాల్సిందే.

ఏమేం కావాలి

- డిసెంబర్ మధ్య నుంచి మార్చి చివరిదాకా అయితే గైడెడ్ వాక్ టికెట్, మనిషికి ఒకటి. పార్కింగ్ ఫీజు వేరే.
- మడమ పట్టి ఉంచే బూట్లు. చెప్పులు, క్రాక్స్ వద్దు.
- గాలి ఆపే జాకెట్, లోపల స్వెటర్, చెవులు కప్పే టోపీ. ఊళ్లో ఎండగా ఉన్నా సముద్రం పక్కన చలి వేరుగా ఉంటుంది.
- వాన వచ్చేలా ఉంటే రెయిన్‌కోట్. గొడుగు వద్దు, ఆ గాలికి నిలవదు, పైగా టక్కున తెరుచుకుంటే జంతువులు బెదురుతాయి.
- తాగే నీళ్లు. తిండి ట్రెయిల్ మీదకి తీసుకెళ్లొద్దు, పులిహోర, పెరుగన్నం డబ్బాలు కార్లోనే ఉంచి, తిరిగొచ్చాక పిక్నిక్ టేబుల్ దగ్గర తినండి.
- బైనాక్యులర్స్, 8x42 రకం (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది) చాలు. పిల్లలుంటే ఇది కెమెరా కంటే ముఖ్యం.
- కెమెరా ఉంటే దూరంగా ఉన్నవాటిని దగ్గరగా తీసే 100-400 mm లేదా 70-300 mm జూమ్ లెన్స్. లేకపోతే ఫోన్ చాలు, ఎలా తీయాలో కింద చెప్తా.
- లెన్స్ తుడిచే మెత్తటి గుడ్డ, గాలి ఊదే రబ్బర్ బ్లోయర్, ఒక పెద్ద జిప్‌లాక్ కవర్.

కుక్కని తీసుకెళ్లొద్దు, కార్లో కట్టేసి ఉంచుదాంలే అని కూడా అనుకోవద్దు. డ్రోన్ ఇంట్లోనే పెట్టండి. స్ట్రోలర్ ఇసుక దిబ్బల్లో కదలదు, చంటిపిల్లలుంటే వీపుకి కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి.

1. ముందు నెల ఎంచుకోండి, తేదీ తర్వాత

జనం చేసే మొదటి తప్పు, లాంగ్ వీకెండ్ ఎప్పుడొస్తుందో చూసి దాన్నిబట్టి వెళ్లడం. సీల్స్ క్యాలెండర్ వేరు. మీకు ఏం చూడాలని ఉందో తేల్చుకుని దాన్నిబట్టి నెల పెట్టుకోండి.

డిసెంబర్ రెండో సగం: పెద్ద మగవి వచ్చి చోటు కోసం కొట్టుకుంటాయి. ఛాతీలు ఎత్తి ఒకదాన్ని ఒకటి ఢీకొట్టి మెడ మీద కోరలు దింపుతాయి, రక్తం కారుతుంది. చాలాసార్లు అంతదాకా కూడా రాదు, ఒకటి తల ఎత్తి అరిచిందంటే రెండోది పక్కకి తప్పుకుంటుంది. ఆ అరుపు పాత బుల్లెట్ బండి న్యూట్రల్‌లో ఆడుతున్నట్టు ఉంటుంది, చాలా దూరం వినపడుతుంది. ఆడవి ఈ నెల చివర్నుంచి రావడం మొదలెడతాయి.

జనవరి: ఒడ్డుకొచ్చిన వారం లోపే ఆడవి ఈనతాయి. నెల చివరికొచ్చేసరికి బీచ్ నిండా నల్లటి పిల్లలే. మనం ఏనుగు పిల్లని గున్న అంటాం కదా, మా అమ్మ వీటిని కూడా గున్నలనే పిలిచింది, ఇప్పుడు మా ఇంట్లో అదే పేరు. పుట్టినప్పుడు దాదాపు 75 పౌండ్లు ఉండేది నాలుగు వారాల్లో 250 నుంచి 350 పౌండ్లకి పెరుగుతుంది, తల్లిపాలలో సగానికి పైగా కొవ్వే మరి. ఆ నాలుగు వారాలూ తల్లి ఒక్క ముద్ద తినదు. ఒక్కసారే వెళ్లగలం, ఏ నెల చెప్పు అంటే నేను జనవరి చివరి వారం, ఫిబ్రవరి మొదటి వారం అని చెప్తా, పిల్లలు, తల్లులు, మగవాటి గొడవలు అన్నీ ఒకేసారి చూడొచ్చు.

ఫిబ్రవరి మధ్య: జతకట్టే కాలం, వాలెంటైన్స్ డే చుట్టూ బాగా ఎక్కువ. చిన్నపిల్లలతో వెళ్తుంటే వాళ్లు అడిగే ప్రశ్నలకి సిద్ధంగా ఉండండి. ఇంకోటి కూడా చెప్పాలి, ఈ సీజన్లో కొన్ని సీల్ పిల్లలు చనిపోయి ఒడ్డున కనిపిస్తాయి, పెద్ద మగవి పరుగెత్తేటప్పుడు కింద పడి నలిగిపోతాయి, తుఫాను అలలకి కొట్టుకుపోతాయి, వాటి మీద గల్ పక్షులు వాలతాయి. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్తే మంచిది, అక్కడ హఠాత్తుగా చూస్తే భయపడతారు, మా చిన్నది ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

మార్చి: తల్లులు పాలు మాన్పించి సముద్రంలోకి వెళ్లిపోతాయి, గుండ్రటి పిల్లలు మాత్రం గుంపులుగా మిగిలి, ఈత తమంతట తామే నేర్చుకుంటాయి. గొడవ ఉండదు, కాస్త ప్రశాంతం. ఫొటో నేర్చుకునేవాళ్లకి ఇదే మంచి నెల, కదలకుండా పడుకుంటాయి.

ఏప్రిల్ నుంచి ఆగస్టు: చర్మం ఊడే కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఆడవి, చిన్నవి, మే, జూన్‌లో కుర్ర మగవి, జూలై, ఆగస్టులో పెద్ద మగవి వస్తాయి. చర్మం పొరలు పొరలుగా ఊడిపోతూ జబ్బు చేసినట్టు కనిపిస్తాయి, కానీ జబ్బు కాదు, ప్రతి ఏడాదీ జరిగేదే. అమ్మానాన్నలు ఎక్కువగా ఎండాకాలంలోనే వస్తారు కాబట్టి ఇది మీకు పనికొచ్చే కాలం, గైడ్ అవసరం లేదు, అక్కడికి వెళ్లి పర్మిట్ తీసుకుని సొంతంగా నడవొచ్చు.

సెప్టెంబర్ నుంచి నవంబర్: ఎక్కువగా చిన్న వయసువే విశ్రాంతికి వస్తాయి. డిసెంబర్ 1 నుంచి 14 దాకా సీల్స్ ఉండే వైపు పూర్తిగా మూసేస్తారు, ఆ రెండు వారాలూ వెళ్లొద్దు.

2. టికెట్ బుక్ చేయండి

డిసెంబర్ 15 నుంచి మార్చి 31 దాకా గైడ్‌తో తప్ప లోపలికి పంపరు. కాలిఫోర్నియా స్టేట్ పార్కులన్నిటికీ బుకింగ్ చేసే రిజర్వ్‌కాలిఫోర్నియా సైట్లోనే దీనికీ తీసుకోవాలి. అక్టోబర్ చివర్నుంచే సైట్ చూస్తూ ఉండండి. జనవరి, ఫిబ్రవరి శని ఆదివారాలు చాలా త్వరగా అయిపోతాయి. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్దాం, అందరికీ కుదిరే తేదీ చూద్దాం అని పోల్ పెట్టి పది రోజులు లాగితే టికెట్లు ఉండవు, ఇది ఎన్నిసార్లు జరిగిందో. ఇద్దరు కూర్చుని తేదీ ఖాయం చేసి, వచ్చేవాళ్లు వస్తారు అనుకుని బుక్ చేసెయ్యండి.

దొరక్కపోతే వారం మధ్యలో చూడండి, పిల్లలకి స్కూల్ లేని టీచర్ వర్క్ డే ఏదైనా ఉంటే అది బంగారం. క్యాన్సిల్ అయినవి మళ్లీ సైట్లోకి వస్తుంటాయి, ట్రిప్‌కి రెండు మూడు రోజుల ముందు పొద్దున్నే ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తే ఒకటో రెండో దొరుకుతాయి, నాకు రెండుసార్లు అలానే దొరికాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, వీల్‌చెయిర్ వాడేవాళ్లు ఉంటే మామూలు టికెట్ కొనకండి. వాళ్ల కోసం ఈక్వల్ యాక్సెస్ వాక్ అని విడిగా ఉంటుంది, బల్లల దారి మీద తీసుకెళ్తారు. పార్కు పేజీ చూసి, ఫోన్ చేసి ముందే అడగండి.

వెళ్లే ముందు రోజు పార్కు పేజీ ఒకసారి తప్పకుండా చూడండి. వాన పడినా వాక్ జరుగుతుంది కానీ తుఫాను వల్లో, జంతువుల్లో జబ్బు వల్లో మూసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 2023లో అర్జెంటీనాలో బర్డ్ ఫ్లూ వచ్చి అక్కడి సదరన్ ఎలిఫెంట్ సీల్ పిల్లలు వేల సంఖ్యలో చచ్చిపోయాయి, అప్పట్నుంచి ఈ విషయంలో అందరూ చాలా జాగ్రత్తగా ఉంటున్నారు. మూసేస్తే మన మంచికే అనుకోండి.

3. దారి

శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణంగా 55 మైళ్లు, శాంటా క్రూజ్‌కి ఉత్తరంగా 20 మైళ్లు, హైవే 1 పక్కనే. సన్నీవేల్, శాన్‌హోజే వైపు నుంచి అయితే హైవే 17లో శాంటా క్రూజ్ వెళ్లి పైకి రండి, ఫ్రీమాంట్, శాన్‌మాటియో వైపు నుంచి అయితే 92లో హాఫ్‌మూన్ బే దాకా వెళ్లి కిందకి రండి. మ్యాప్ ఒక్కోసారి లా హోండా మీదుగా 84 రోడ్డు చూపిస్తుంది, అందంగా ఉంటుంది, కానీ అన్నీ మలుపులే, వెనక సీట్లో పిల్లలకి వాంతులు గ్యారంటీ.

పెట్రోల్ హాఫ్‌మూన్ బేలో గానీ శాంటా క్రూజ్‌లో గానీ కొట్టించుకోండి. మధ్యలో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి టికెట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, రెండు కార్లలో వెళ్తుంటే ‘అక్కడికెళ్లాక కాల్ చేస్తాం’ అనుకోకుండా ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

టికెట్ మీద ఉన్న టైమ్‌కి కనీసం 45 నిమిషాల ముందు పార్కింగ్‌లో ఉండేలా బయల్దేరండి. మనకి పెళ్లి ముహూర్తం తొమ్మిదిన్నర అంటే పది దాకా సర్దుకుంటుంది, ఇక్కడ అలా కాదు, గుంపు వెళ్లిపోయిందంటే మీరు ఒంటరిగా లోపలికి వెళ్లలేరు.

4. నడక

మొత్తం మూడు నుంచి నాలుగు మైళ్లు, రెండున్నర గంటలు పట్టొచ్చు. మొదట విజిటర్ సెంటర్ దగ్గర చెక్-ఇన్, బాత్రూమ్ పని అక్కడే ముగించుకోండి. అక్కడ్నుంచి దాదాపు మైలు మట్టి దారి, మధ్యలో ఒక చెరువు వస్తుంది, తర్వాత గుంపు కలుసుకునే చోటు. అక్కడ డోసెంట్ అని పిలిచే వాలంటీర్ మిమ్మల్ని తీసుకెళ్తారు. అక్కడ్నుంచే అసలు ఇసుక దిబ్బలు మొదలు.

ఇసుకలో నడిచేటప్పుడు ముందు వెళ్లినవాళ్ల అడుగుల్లో అడుగు వేస్తే కాలు తక్కువ దిగబడుతుంది, పెద్దవాళ్లకి ఇది చెప్పండి. దారి వదిలి పొదల్లోకి వెళ్లొద్దు, పాయిజన్ ఓక్ ఉంటుంది, తగిలితే వారాల పాటు దురద. సాక్సుల్లోకి ప్యాంటు దూర్చుకుంటే పిడుదులు ఎక్కవు.

వాలంటీర్లు డబ్బు తీసుకోకుండా ఈ పని చేస్తున్నారు, చాలా తెలిసినవాళ్లు. వాళ్లు మాట్లాడేటప్పుడు మనం తెలుగులో పక్కవాళ్లతో కబుర్లు పెట్టుకుంటే మిగతావాళ్లకి వినపడదు, పైగా మనకే నష్టం. ఏ మగది ఎవరి మీదకి వెళ్లబోతోందో వాళ్లు ముందే చెప్తారు, కెమెరా అటు తిప్పి ఉంచుకోవచ్చు.

5. దూరం

ఇక్కడ సీల్‌కి కనీసం 25 అడుగుల దూరంలో ఉండాలి. అంటే దాదాపు రెండు కార్లు వరసగా పెట్టినంత. ఇది ఆన్యో న్వేవోలో పార్కువాళ్ల పర్యవేక్షణలో ఉన్నప్పటి లెక్క, మిగతా బీచ్‌లలో సీల్ కనిపిస్తే కనీసం 50 గజాలు వదలండి.

అంత బరువున్నది ఏం పరిగెడుతుందిలే అనుకుంటారు. ఇసుక మీద పెద్ద మగది కదలడం మొదలెడితే మనం అనుకున్న దానికంటే చాలా వేగంగా వస్తుంది. దారికి అడ్డంగా పడుకున్న సీల్ కనిపిస్తే డోసెంట్ చుట్టూ తిప్పి తీసుకెళ్తారు, తొందరపెట్టొద్దు. దానికీ సముద్రానికీ మధ్యలో ఎప్పుడూ నిలబడొద్దు, తల్లికీ పిల్లకీ మధ్యలో అసలే వద్దు.

దూరం సరిపోయిందా లేదా తెలుసుకోవడానికి టేపు అక్కర్లేదు, సీల్‌నే చూడండి. కళ్లు మూసుకుని ఇసుక ఎగజల్లుకుంటూ ఉంటే మీరు సరైన చోటే ఉన్నారు. తల ఎత్తి మిమ్మల్నే చూస్తోందంటే దగ్గరికెళ్లారని అర్థం, అక్కడే ఆగి మెల్లగా వెనక్కి రండి. నోరు తెరిచి అరిచిందంటే ఎప్పుడో దాటేశారు. దాని నిద్ర చెడగొట్టి తీసిన ఫొటో ఎంత షార్ప్‌గా ఉన్నా నేను ఎవరికీ చూపించను.

ఇదంతా ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఈ జంతువుల్ని మనుషులు దాదాపు లేకుండా చేసేశారు. 19వ శతాబ్దంలో నూనె కోసం చంపీ చంపీ, చివరికి మెక్సికో దగ్గర గ్వాడలూపే ద్వీపంలో వందకి లోపు మిగిలాయని అంచనా. 1922లో మెక్సికో వాటికి రక్షణ ఇచ్చింది, తర్వాత అమెరికా. ఆన్యో న్వేవో ద్వీపం మీద 1955లో మళ్లీ కనిపించాయి, 1961లో అక్కడ పిల్ల పుట్టింది, మనం నడిచే ఈ ఒడ్డు మీద మొదటి పిల్ల 1975లో. మా నాన్న పుట్టిన ఏడాది కంటే తర్వాత అది. ఈరోజు మనం టికెట్ కొనుక్కుని చూస్తున్న గుంపంతా ఆ మిగిలిన కొద్దిపాటి వాటి సంతానమే. 1972 నాటి చట్టం ప్రకారం వీటిని ఇబ్బంది పెట్టడం నేరం కూడా.

6. ఫోన్‌తో ఫొటోలు

డిజిటల్ జూమ్ లాగొద్దు. ఫోన్‌కి ఉన్న నిజమైన టెలిఫొటో లెన్స్ ఎంతదో, 3x గానీ 5x గానీ, అక్కడే ఆపండి, మిగతాది ఇంటికెళ్లి క్రాప్ చేసుకోవచ్చు. టెలిఫొటో లేని ఫోన్ అయితే ఒక్క సీల్ కోసం పాకులాడకండి, బీచ్ మొత్తం, వెనక అలలు, ద్వీపం మీద పాత లైట్ స్టేషన్ ఇల్లు, ముందు మన గుంపులోని మనిషి వీపు, ఇలా వెడల్పుగా తీయండి. మనిషి ఫ్రేమ్‌లో ఉంటేనే సీల్ ఎంత పెద్దదో చూసేవాళ్లకి తెలుస్తుంది. కానీ ఆ మనిషిని సీల్ వైపు జరగమనొద్దు, మీరే వెనక్కి జరగండి.

బైనాక్యులర్స్ కంటికి పెట్టే చోట ఫోన్ లెన్స్ ఆనించి కూడా తీయొచ్చు, మొదట్లో నల్లటి వలయం వస్తుంది, కొంచెం జూమ్ చేస్తే పోతుంది, ఒకరు బైనాక్యులర్స్ పట్టుకుని ఇంకొకరు ఫోన్ పట్టుకుంటే తేలిక.

స్క్రీన్ మీద సీల్‌ని తాకి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కొంచెం కిందకి లాగండి. వీడియో అయితే పది సెకన్లకి తక్కువ కాకుండా, ఫోన్ కదపకుండా. గాలి శబ్దం అరుపుల్ని మింగేస్తుంది కాబట్టి గాలికి వీపు పెట్టి నిలబడండి.

7. కెమెరాతో ఫొటోలు

పడుకున్న వాటికి షట్టర్ స్పీడ్ 1/500 చాలు. కొట్టుకునేటప్పుడు, ఇసుక ఎగజల్లేటప్పుడు 1/1000 కానీ 1/1600 కానీ పెట్టండి. అపర్చర్ f/5.6 నుంచి f/8, ఐఎస్ఓ ఆటో మీద వదిలెయ్యండి. ఫోకస్ కంటిన్యువస్‌లో, జంతువు కన్ను గుర్తించే మోడ్ ఉంటే ఆన్ చేయండి, ఒక్కోసారి తొండాన్ని పట్టుకుంటుంది, అప్పుడు ఒకే పాయింట్ పెట్టుకుని కంటి మీద ఉంచండి. బర్స్ట్ (నొక్కి పట్టి వరసగా తీసే ఫొటోలు) చిన్నగా, మూడు నాలుగు ఫ్రేములు, లేకపోతే ఇంటికెళ్లాక రెండు వేల ఫొటోలు ఏరుకోవాలి.

ఎక్స్‌పోజర్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఫ్రేమ్ నిండా ముదురు రంగు సీల్ ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువ తీసుకుని ఇసుకని, తడి మెరుపుల్ని తెల్లగా కాల్చేస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ మూడింట ఒకటి నుంచి మైనస్ మూడింట రెండు పెట్టండి. ఫ్రేమ్‌లో తెల్ల నురగ, ఇసుక ఎక్కువై సీల్ చిన్నగా ఉంటే దానికి తిరగబడి సీల్ నల్ల ముద్దలా వస్తుంది, అప్పుడు ప్లస్ వైపు జరపండి. పొగమంచు ఉన్న రోజు కూడా ప్లస్సే. నల్లటి పిల్లలకైతే మరీ జాగ్రత్త, బొచ్చులో గీతలు కనపడేలా ఉండాలి.

పొద్దున స్లాట్ తీసుకోండి. మధ్యాహ్నం ఎండకి ఇసుక వేడెక్కి గాలి అలలు అలలుగా కదిలి, దూరంగా ఉన్నవి ఎంత మంచి లెన్స్‌తో తీసినా నీళ్లలోంచి చూసినట్టు వస్తాయి. దీన్ని చాలామంది లెన్స్ లోపం అనుకుని సర్వీస్‌కి ఇస్తారు. దగ్గర్లో ఉన్న సీల్ షార్ప్‌గా వచ్చి దూరంగా ఉన్నది మసకగా వస్తే అది లెన్స్ కాదు, గాలే.

ఇంకోటి, ఎత్తు. దిబ్బ మీద నిలబడి కిందకి తీస్తే సీల్ ఇసుక బస్తాలా కనిపిస్తుంది. డోసెంట్‌ని అడిగి, వాళ్లు సరే అన్న చోట మోకాలి మీద కూర్చుని దాని కంటి ఎత్తుకి దగ్గరగా తీయండి, ఫొటో మారిపోతుంది. ట్రైపాడ్ బరువు, గుంపుతో కదలడం కష్టం, ఒంటి కాలి స్టాండ్, అదే మోనోపాడ్, నయం. లెన్స్ మార్చడం మాత్రం అక్కడ అస్సలు వద్దు. నేను ఒకసారి గాలిలో మార్చాను, ఆ ఇసుక రేణువులు సెన్సర్ మీంచి పోవడానికి డబ్బు పెట్టి క్లీన్ చేయించాల్సి వచ్చింది. ఒకటే లెన్స్ పెట్టుకుని వెళ్లండి, వెడల్పు ఫొటోలకి ఫోన్ ఉంది కదా.

8. అక్కడే చెక్ చేసుకోండి

మొదటి పది ఫొటోలు తీయగానే ఆగి ఒకటి తెరిచి కంటి దగ్గరకి పూర్తిగా జూమ్ చేయండి. కన్ను షార్ప్‌గా ఉందా, అందులో ఆకాశం మెరుపు చుక్క కనిపిస్తోందా? కన్ను మసకగా ఉండి వెనక ఇసుక షార్ప్‌గా ఉంటే ఫోకస్ పాయింట్ తప్పింది. అన్నీ ఒకే దిశలో సాగినట్టు ఉంటే చెయ్యి కదిలింది, షట్టర్ స్పీడ్ పెంచండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు చూపించే గ్రాఫ్) కుడి గోడకి అతుక్కుంటే నురగ కాలిపోయింది. లెన్స్ ముందు అద్దం మీద ఉప్పు నీటి తుంపర పేరుకుని ఫొటోలన్నీ పాలిపోయినట్టు వస్తాయి, అరగంటకోసారి చూసుకోండి, ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేసి ఆ తర్వాతే గుడ్డతో తుడవండి. ఊదకుండా తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి.

ఇదంతా అయ్యాక కెమెరా కిందకి దించి ఒక పది నిమిషాలు ఊరికే చూడండి. తల్లి, పిల్ల ఒకదాన్నొకటి అరుచుకుని గుర్తుపట్టుకోవడం ఫొటోలో రాదు.

ఎక్కువమంది పొరబడేవి

ఒంటరిగా ఉన్న పిల్లని చూసి తల్లి వదిలేసిందని బాధపడటం. ఫిబ్రవరి చివర, మార్చిలో ఒంటరిగా కనిపించే గుండ్రటివి పాలు మానినవే, అలాగే ఉండాలి. కదలకుండా పడి ఉన్నది చచ్చిపోయిందనుకోవడం కూడా మామూలే, ఇవి నిద్రలో చాలా నిమిషాలు ఊపిరి బిగబట్టగలవు, ఓపిక పట్టి ముక్కు రంధ్రాలు చూడండి, తెరుచుకుంటాయి. వాసనకి సిద్ధపడకుండా రావడం, ముఖ్యంగా ఎండాకాలంలో. ఎండాకాలంలో సాయంత్రం ఆలస్యంగా వెళ్లి పర్మిట్ దొరకలేదనడం, పదింటికల్లా అక్కడుండండి.

టికెట్ దొరక్కపోతే, నడవలేకపోతే

సాన్ సిమియన్ దగ్గర పియెద్రాస్ బ్లాంకాస్ అనే బీచ్ ఉంది, హర్స్ట్ క్యాజిల్‌కి ఉత్తరంగా కొన్ని మైళ్లే. టికెట్ లేదు, బుకింగ్ లేదు, పార్కింగ్ నుంచి దిగగానే చెక్కల దారి, కంచె అవతల కిందనే సీల్స్. ఏడాది పొడవునా చూడొచ్చు. బే ఏరియా నుంచి దూరం ఎక్కువ, కానీ లాస్ ఏంజెలెస్ వెళ్లే ట్రిప్‌లో దారిలో పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరికీ నేను ముందు ఇదే చెప్తా, మా అమ్మానాన్నలకి నేను చూపించిందీ అక్కడే. పైన చెప్పిన కెమెరా సంగతులన్నీ అక్కడా పనికొస్తాయి, కాకపోతే పైనుంచి తీస్తారు కాబట్టి కంటి ఎత్తు కుదరదు.

ఉత్తరం వైపు వాళ్లకి పాయింట్ రేయెస్ ఉంది, సీజన్లో డ్రేక్స్ బీచ్, చిమ్నీ రాక్ వైపు కనిపిస్తాయి. మామూలు చిన్న హార్బర్ సీల్స్ చాలు అనుకుంటే మాస్ బీచ్‌లో ఫిట్జెరాల్డ్ మెరైన్ రిజర్వ్, అక్కడికి నీళ్లు బాగా వెనక్కి వెళ్లిన టైమ్ చూసుకుని వెళ్లాలి, అవి అప్పుడే బండల మీదకెక్కి పడుకుంటాయి.

వేరే బీచ్‌లో పిల్ల సీల్ కనిపిస్తే

మన విశాఖలో, కాకినాడలో సీల్స్ ఉండవు కాబట్టి మనకి అలవాటు లేదు, చూడగానే నీళ్లు చల్లాలనో, సముద్రంలోకి తోయాలనో అనిపిస్తుంది. రెండూ వద్దు. సీల్స్ ఒడ్డున గంటల తరబడి ఉండటం మామూలే. మార్చి నుంచి మే దాకా హార్బర్ సీల్ తల్లులు పిల్లని ఒడ్డున వదిలి వేటకెళ్తాయి, చుట్టూ జనం ఉంటే తల్లి దగ్గరికి రాదు. ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు, సెల్ఫీ వద్దు, మిగతావాళ్లని కూడా దూరంగా ఉండమనండి. గాయం కనిపించినా, మెడకి వల చుట్టుకున్నా, బాగా చిక్కిపోయి ఉన్నా సముద్ర జంతువుల్ని కాపాడి వైద్యం చేసే మెరైన్ మామల్ సెంటర్‌కి ఫోన్ చేయండి, 415-289-7325. బీచ్ పేరు, దగ్గర్లో ఏ పార్కింగ్, సీల్ ఎంత పొడవుంది, ఏ రంగు, రెక్కకి ట్యాగ్ ఉందా, ఇవి అడుగుతారు. దూరం నుంచే జూమ్ చేసి ఒక ఫొటో తీసి ఉంచుకుంటే వాళ్లకి చెప్పడం తేలిక.